జపాను పాటలకు ఎటువంటి హెడ్‌ఫోన్లు?

"చెవులు హోరెత్తిపోతాయి, గొంతులు కీచుగా ఉంటాయి, వాద్యాలన్నీ ఒక్కసారే మీదపడతాయి" అంటూ జపాను పాప్, రాక్ పాటలు రెండు మూడు విని పక్కన పెట్టేసినవారు మనలో తక్కువేమీ కాదు. ఏనిమే చూస్తూ మొదట్లో వచ్చే పాటకి ముచ్చటపడి, ఆ గాయకుల ఆల్బమ్ మొత్తం వినబోయి, నాలుగో పాటకే తలనొప్పి తెచ్చుకున్నవారూ ఉన్నారు. వారి ఫిర్యాదులో నిజం లేకపోలేదు. అయితే ఆ నేరంలో సగం పాటది కాదనీ, చెవికి తగిలించుకున్న సాధనానిదనీ నా అభిప్రాయం. ఈ సంగీతానికి ఎటువంటి హెడ్‌ఫోను నప్పుతుందన్న విషయంలో జాలంలో చలామణీ అవుతున్న సలహాలు చాలావరకు తలకిందులుగా ఉన్నాయని కూడా అనిపిస్తుంది. ఈ టపా ఉద్దేశం అదే.

(హెడ్‌ఫోనుకి మంచి తెలుగుమాట చెప్పమని ఎవరూ నన్ను పట్టుకోకండి. "శిరోశ్రావణి" వంటివి నాక్కూడా తోచాయి గాని, దుకాణంలో ఆ మాట అంటే మందుల కొట్టుకి దారి చూపిస్తారు. మంద్రం, మధ్యం, తారం అన్న మన పాత మాటలు మాత్రం వాడుకుంటాను. సంగీతశాస్త్రంలోని స్థాయిలకీ హెర్ట్జుల లెక్కకీ సరిగ్గా పొంతన కుదరదని తెలుసు. బేస్, మిడ్, ట్రెబుల్ అనేకంటే అవే చెవికింపుగా ఉన్నాయి.)

ముందు పాట స్వభావం చూద్దాం. తెలుగు అజంత భాష అని బడిలోనే చదువుకున్నాం. జపాను భాష కూడా ఇంచుమించు అటువంటిదే. మాట చివర అచ్చు గాని, "న్" అనే ధ్వని గాని తప్ప మరో హల్లు నిలవదు. అందువల్ల పాడేవారికి దాదాపు ప్రతి అక్షరంలోనూ సాగదీసుకోవడానికి ఒక అచ్చు దొరుకుతుంది. మన పాటల్లోలాగే అక్కడా గొంతే రాజు, వాద్యాలన్నీ పరివారం. ఎంత మొరటు రాక్ బృందమైనా గొంతుని ఊబిలో ముంచేయడం అక్కడ అరుదు. దీనికి తోడు షి, చి, సు, త్సు వంటి అక్షరాలు ఆ భాషలో అడుగడుక్కీ తగులుతాయి. "దెసు" అన్న మాటని సంభాషణలో దాదాపు "దెస్" అన్నట్టే పలుకుతారు. చివరి ఉకారం ఊపిరిలో కలిసిపోయి ఉత్త సకారం మిగులుతుంది. మన వ్యాకరణాలు ఊష్మాలని పేరుపెట్టిన ఈ ధ్వనుల బలమంతా సుమారు 5,000 నుంచి 9,000 హెర్ట్జుల ప్రాంతంలో ఉంటుంది. సరిగ్గా ఆ ప్రాంతంలోనే డప్పుల పైనుండే కంచు తాళాలు మోగుతాయి, గిటారు తీగమీద గోరు గీసిన చప్పుడూ అక్కడే ఉంటుంది. ఆ చోటు ముందే సంతలా ఉందన్నమాట.

రెండోది, ఆ కిందనే ఉన్న 2,000 - 4,000 హెర్ట్జుల పట్టీ. చెవి రంధ్రం నిర్మాణం వల్ల మనిషికి సహజంగానే 3,000 దరిదాపుల్లోని శబ్దం ఎక్కువ గట్టిగా వినిపిస్తుంది. పసిపిల్ల ఏడుపు గోడలు దాటి వినబడేది అందుకే. జపాను రాక్‌లో ఎడమన ఒక గిటారు, కుడిన ఒక గిటారు, మధ్యన గొంతు, ఈ మూడూ అక్కడే కాట్లాడుకుంటాయి. పైగా వాటి వెనక తీగ వాద్యాలో, పియానోనో, సింథసైజరో ఉండనే ఉంటుంది. ఖాళీ జాగా చూస్తే అక్కడి వాద్యసంయోజకులకి చేయి ఊరుకోదేమోనని నాకు అనుమానం.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, శబ్దాన్ని కుక్కడం. సీడీలో గాని ఏ డిజిటల్ రికార్డులో గాని గరిష్ఠ శబ్దానికి ఒక పైకప్పు ఉంటుంది, దాన్ని దాటడం కుదరదు. మరి పక్కవాడి పాటకంటే మన పాట గట్టిగా వినబడాలంటే ఏం చేయాలి? చిన్న శబ్దాలని కూడా పైకి లాగి కప్పుకి ఆనించాలి. 1990ల నడుమ నుంచి ప్రపంచమంతా ఈ పోటీలో పడింది, జపాను అందులో ఏమాత్రం వెనకబడలేదు. ఫలితంగా పాటలో ఎత్తుపల్లాలు పోయి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒకే ఎత్తున గోడ కట్టినట్టు ఉంటుంది. ఈనాటి స్ట్రీమింగ్ సేవలు పాటలన్నిటినీ ఒకే స్థాయికి తగ్గించి వినిపిస్తున్నాయి కాబట్టి ఆ పోటీకి అర్థం లేకుండా పోయింది. కాని ఒకసారి కుక్కిన పాట తిరిగి విచ్చుకోదు కదా.

ఇది జపాను సంగీతం మొత్తానికి అంటగట్టే మాట కాదని వెంటనే చెప్పాలి. ఓతాకి ఎయిచి "ఎ లాంగ్ వెకేషన్" 1981 మార్చిలో వచ్చింది. 1982 అక్టోబరులో లోకంలో మొట్టమొదటిసారిగా జపానులో సీడీలు అమ్మకానికి పెట్టినప్పుడు ఆ తొలి విడతలో ఈ ఆల్బమ్ కూడా ఉంది. అందులో పలు గిటార్లు, పియానోలు కలిసి ఒక్క మేఘంలా మోగుతాయి గాని, ఎక్కడా చెవిని గుచ్చవు. యామషితా తత్సురో 1982 నాటి "ఫర్ యూ", టకేఉచి మారియా 1984 నాటి "వెరైటీ" కూడా అంతే, వాద్యానికీ వాద్యానికీ నడుమ గాలి ఆడుతుంది. ఇప్పుడు సిటీ పాప్ పేరుతో కుర్రకారు వెతుక్కుంటున్న ఈ పాటలు ఏ హెడ్‌ఫోనులో విన్నా పెద్దగా చెడవు. చిక్కంతా తరవాతి వాటితోనే. షీనా రింగో 2000లో తెచ్చిన "శోసో స్ట్రిప్" వినండి. గొంతునే కావాలని చిట్లగొట్టి, గిటార్లని గరుకెక్కించి, ఆ పైన మొత్తాన్నీ కప్పుకి ఆనించిన ఆల్బమ్ అది. అద్భుతమైన కృతి. తప్పుడు హెడ్‌ఫోనులో వింటే పళ్ళ డాక్టరు గది.

ఇంతవరకు ఒప్పుకుంటే మిగతాది సులువే. ఇప్పటికే తారస్థాయిలో కిక్కిరిసిన పాటని, తారాన్ని మరింత ఎత్తిచూపే సాధనంలో వినడం పుండుమీద కారం. అలాగని మంద్రాన్ని దడదడలాడించే సాధనం కొంటే మరో రకం అన్యాయం జరుగుతుంది. ఈ పాటలకి కావలసింది మధ్యస్థాయి తేటగా ఉండి, తారస్థాయి నెమ్మదిగా ఉండి, మంద్రం ఉండవలసినంతే ఉండే హెడ్‌ఫోను. దుకాణంలో అయిదు నిమిషాలు వింటే ఇటువంటిది చప్పగా తోస్తుంది. అందుకే దాన్ని ఎవరూ కొనరు, సలహా కూడా ఇవ్వరు.

సామాన్యంగా వినబడే సలహాలు మూడు. ఒకటి, "రాక్ అన్నాక బేస్ ఉండాలి". మన దేశంలో అమ్ముడుపోయే చవక హెడ్‌ఫోన్లలో చాలావరకు ఈ నమ్మకం మీదే తయారవుతాయి. జపాను రాక్‌లో బేస్ గిటారు ఎటువంటిదో తెలిసినవారు ఈ మాట అనరు. లార్క్-ఆన్-సియేల్ బృందంలో తెత్సుయా గాని, షీనా రింగో తొలి ఆల్బమ్‌లలో కమెదా సెయిజి గాని వాయించేది ఒట్టి ఆధారశ్రుతి కాదు. అది గొంతుతో సమానంగా నడిచే రెండో రాగం. ఒక్కొక్కచోట గొంతుకి ఎదురు తిరిగి పైపైకి పాకుతుంది కూడా. ఆ రాగం తెలియాలంటే 100 హెర్ట్జుల పైనుంచి మధ్యస్థాయి దాకా స్పష్టంగా ఉండాలి. అట్టడుగున దుమ్ము లేపే హెడ్‌ఫోనులో ఆ స్వరాలన్నీ కలిసిపోయి ఒకే ముద్ద అవుతాయి. బేస్ ఎక్కువై బేస్ వినబడకపోవడమంటే ఇదే.

రెండోది, "జపాను పాటకి జపాను కంపెనీ హెడ్‌ఫోను". వినడానికి బాగుంటుంది, ఏ ఊరి వంటకి ఆ ఊరి బియ్యం అన్నట్టు. 1962లో టోక్యోలో పుట్టిన ఆడియో-టెక్నికా వారి సాధనాలు, ముఖ్యంగా వెనక తెరిచి ఉండే ఏడీ వరుసవి, ఆడగొంతుని ముందుకి తెస్తాయని పేరు. ఆ పేరు న్యాయమైనదే. నెమ్మదిగా పాడిన పాటలకి ఆ సొగసు నాకూ ఇష్టం. కాని కంపెనీ ఊరు చూసి కొనడానికి అది చాలదు. సోనీనే తీసుకోండి. స్టూడియోలో తప్పులు పట్టడానికి ఎండుగడ్డిలా మోగే సాధనం చేసిందీ వారే, ఎక్స్‌ట్రా బేస్ అని పేరుపెట్టి నేల అదిరే వరుస అమ్మిందీ వారే. రెంటి మీదా ఒకటే పేరు, ఒకటే దేశం.

మూడో సలహా దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే దాన్ని నమ్మేవారు నిజమైన అభిమానులు. "అక్కడి స్టూడియోల్లో అందరూ వాడేదే కొనుక్కుంటే, వాళ్ళు విన్నట్టే మనమూ వినవచ్చు" అంటారు. వారు చెప్పేది సోనీ ఎమ్‌డీఆర్-సీడీ900ఎస్‌టీ గురించి. 1989లో వచ్చిన ఈ నల్లటి హెడ్‌ఫోను, చెవి గిన్నె మీద ఎర్రటి గీతతో, జపాను స్టూడియోలన్నిటా కనబడుతుంది. 2019 నవంబరులో మొదలైన "ద ఫస్ట్ టేక్" వీడియోల్లో తెల్లటి గదిలో ఒక్క మైకు ముందు నిలబడి ఒకేసారి పాడే గాయకులు తలకి పెట్టుకునేది చాలామార్లు అదే. లేదా అదే ఏడాది సోనీ విడుదల చేసిన ఎమ్‌డీఆర్-ఎమ్1ఎస్‌టీ. చూసినవారికి అది కొనాలనిపించడంలో ఆశ్చర్యం లేదు.

కాని ఆ గాయకులు దాన్ని ఎందుకు పెట్టుకున్నారు? వెనక వాయిస్తున్న సంగీతం వినడానికి, అది మైకులోకి కారకుండా ఉండడానికి, తమ గొంతు శ్రుతి తప్పితే తక్షణం తెలియడానికి. అందుకు తగ్గట్టే అది గొంతు, ఊపిరి, పెదవుల చప్పుడు ఉన్న ప్రాంతాన్ని భూతద్దంలో చూపిస్తుంది. మంద్రం పలచగా ఉంటుంది. ఇక పాట చివరి రూపాన్ని, ఏ వాద్యం ఎంత ఉండాలన్న నిర్ణయాన్ని, ప్రధానంగా స్పీకర్ల ముందు కూర్చుని చేస్తారు. యమహా వారు 1978లో తెచ్చి 2001లో ఆపేసిన ఎన్‌ఎస్-10 అనే తెల్లటి శంకువు ఉన్న చిన్న స్పీకరు ఇందుకు జపానులోనే కాక ప్రపంచమంతటా వాడుకలో ఉండేది. కాబట్టి "వాళ్ళు విన్నట్టే" అన్న మాట నిలవదు. అచ్చుతప్పులు దిద్దేవాడి కళ్ళద్దాలు పెట్టుకుని ప్రబంధం చదివితే కవి మనసు తెలుస్తుందా? కామాలు తెలుస్తాయి. ఆ హెడ్‌ఫోను గొప్పతనాన్ని నేను తక్కువ చేయడం లేదు. ఒక పాటలో వెనక గొంతులు ఎన్ని పొరలుగా పేర్చారో లెక్కపెట్టాలనుకున్న సాయంత్రం దానికి మించినది లేదు. "శోసో స్ట్రిప్" మొత్తం దానిలో వినమంటే మాత్రం నేను రాను.

అయితే ఏది మంచిదని అడుగుతారు. నా చెవికి ఈ సంగీతమంతటికీ అందరికంటే న్యాయం చేసేది జర్మనీ సెన్‌హైజర్ వారి హెచ్‌డీ 600. 1997 నాటి రూపకల్పన. దాని తమ్ముడు, 2003లో వచ్చిన హెచ్‌డీ 650, ఇంకా నెమ్మది, మరీ కీచుమనే రికార్డులకి అదే మేలు. ఈ రెంటిలోనూ గొంతు మనిషి గొంతులా ఉంటుంది, గిటార్లు దాని మీద పడి కొట్టుకోవు. ఇబ్బందులూ ఉన్నాయి. ఖరీదు ఎక్కువ. వెనక తెరిచి ఉంటాయి కాబట్టి బస్సులో, ఆఫీసులో పనికిరావు, మీ పాట పక్కవాడికీ వినబడుతుంది. 300 ఓముల సాధనాలు గనక ఫోను వీటిని గట్టిగా మోగించలేదు, చిన్న యాంప్లిఫయరు కావాలి. అమెరికాలో బ్రుక్లిన్‌లో తయారయ్యే గ్రాడోలని రాక్ కోసం కొనమని చెప్పేవారు చాలామంది ఉన్నారు. 1970ల ఆంగ్ల రాక్‌కి ఆ మాట నిజం. ఆ రికార్డుల్లో గిటారుకి లేని మెరుపుని అవి ఇస్తాయి. జపాను రాక్‌లో మెరుపు ముందే దండిగా ఉంది. బెయర్‌డైనమిక్ డీటీ 990 విషయంలోనూ నాది ఇదే ఫిర్యాదు, దాని సకారాలు సూదులు.

మూసి ఉండేవాటిలో ఆడియో-టెక్నికా ఎమ్50ఎక్స్ పేరు అందరూ చెబుతారు. అది మంద్రాన్నీ తారాన్నీ రెంటినీ కొంచెం ఎత్తుతుంది. పర్ఫ్యూమ్ వంటి ఎలక్ట్రానిక్ పాటలకి, అంటే నకతా యసుతకా చేతిలో గొంతు కూడా ఒక యంత్రవాద్యంగా మారిపోయే 2008 నాటి "గేమ్" వంటి ఆల్బమ్‌కి, అది హుషారుగా ఉంటుంది. గిటార్ల బృందాలకి దాని తమ్ముడైన ఎమ్40ఎక్స్ నిలకడైనది, చవక కూడా. చెవిలో దూర్చుకునే చిన్నవాటిలో ఈమధ్య చైనా నుంచి వస్తున్నవి ఆశ్చర్యపరుస్తున్నాయి. హర్మన్ సంస్థలో షాన్ ఆలివ్ బృందం 2012 నుంచి ఎక్కువమంది శ్రోతలకి ఎటువంటి ధ్వని నచ్చుతుందో పరీక్షలు చేసి ఒక వక్రరేఖ గీశారు. ఇప్పుడు రెండు మూడు వేల రూపాయల సాధనాలు కూడా ఆ గీతకి దగ్గరగా నడుస్తున్నాయి. అవి కూడా కొన్ని 3,000 దగ్గర ఈ పాటలకి కాస్త ఎక్కువే. దానికి మందు ఉంది, అది కింద చెబుతాను.

కొనేముందు పరీక్ష ఎలా చేయాలి? దుకాణంవాడు వినిపించే పాట వద్దు. మీ పాటే పెట్టండి, అదీ మీకు నచ్చిన వాటిలో అందరికంటే గోలగా ఉన్నది. రెండు సాధనాలు పోల్చేటప్పుడు శబ్దం సమానంగా ఉండేట్టు చూసుకోండి. కాస్త గట్టిగా మోగేదే మంచిదని మన చెవి ప్రతిసారీ మోసపోతుంది. ఎక్స్ జపాన్ 1993లో తెచ్చిన "ఆర్ట్ ఆఫ్ లైఫ్" ఒకే పాట, 29 నిమిషాలు. పరుగులెత్తే డప్పులు, వాద్యబృందం, నడుమ పొడుగాటి పియానో ఘట్టం. పియానో అయ్యాక డప్పులు తిరిగి విరుచుకుపడినప్పుడు మీ చెయ్యి తనంతట తాను వాల్యూము మీదికి వెళితే ఆ హెడ్‌ఫోను మీది కాదు. షీనా రింగో ఆల్బమ్ నిడివి 55 నిమిషాల 55 సెకన్లు, ఆమె కొలిచి మరీ పెట్టిన లెక్క. అది మొదటి నుంచి చివరిదాకా, మధ్యలో తీయకుండా వినగలిగితే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు. దుకాణంలో గంటసేపు ఎవడు కూర్చోనిస్తాడంటారా, నిజమే. వెనక్కి తీసుకునే షరతు ఉన్నచోట కొనడం తప్ప నాకు మరో ఉపాయం తోచలేదు.

నేను ఈ అలసట సంగతి ఇంతగా పట్టించుకోవడానికి సుఖం ఒక్కటే కారణం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క ప్రకారం వారానికి 40 గంటలు వినడానికి 80 డెసిబెళ్ళు హద్దు. 90 డెసిబెళ్ళకి వెళితే అదే హద్దు వారానికి 4 గంటలు. మామూలు సంగీతంలో ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి చెవికి నడుమ నడుమ విశ్రాంతి దొరుకుతుంది. గోడలా కుక్కిన పాటలో ఆ విశ్రాంతి లేదు. గొంతు మరుగున పడే హెడ్‌ఫోను పెట్టుకున్నవాడు ఏం చేస్తాడు? మాటలు తెలియడం కోసం వాల్యూము పెంచుతాడు. మెట్రోలోనో ఆఫీసు బస్సులోనో బయటి రొద మీద ఇంకా పెంచుతాడు. రోజుకి రెండు గంటల ప్రయాణమున్న పాతికేళ్ళ కుర్రవాడికి వారంలో ఆ 4 గంటలు ఎన్నాళ్ళకి అయిపోతాయో లెక్క వేయండి. పోయిన వినికిడి తిరిగి రాదు, పైగా ముందు పోయేది తారస్థాయే. తక్కువ శబ్దంలోనే మాట తెలిసే హెడ్‌ఫోను కావాలని నేను అనేది ఇందుకు. ప్రయాణంలో వాడేదైతే బయటి రొదని అడ్డే రకం తీసుకోవడం మంచిది, అక్కడ నాణ్యతలో కొంత వదులుకున్నా సరే.

డబ్బు పెట్టలేనివారికి ఇందాక చెప్పిన మందు. ఫోనులోనో కంప్యూటరులోనో ఉండే ఈక్వలైజరు తెరిచి, 3,000 దగ్గర రెండు డెసిబెళ్ళు, 6,000 - 8,000 నడుమ మూడు డెసిబెళ్ళు తగ్గించి చూడండి. ఏదీ పెంచకండి, తగ్గించడమే. శుద్ధసంప్రదాయవాదులు దీన్ని అపచారమంటారు. స్టూడియోలో నలుగురు చేతులు మారి వచ్చిన పాటకి అయిదో చేయి తగిలితే మైల పడుతుందని నేను అనుకోను. మీ దగ్గరున్న పాత హెడ్‌ఫోను ఈ ఒక్క మార్పుతో కుదుటపడితే కొత్తది కొనే డబ్బుతో ఆల్బములు కొనుక్కోవచ్చు.

చివరిగా ఒక సరదా ప్రయోగం. ఏషియన్ కుంగ్-ఫూ జెనరేషన్ బృందం 2004లో "సోల్-ఫా" అనే ఆల్బమ్ తెచ్చింది, "ఫుల్‌మెటల్ ఆల్కెమిస్ట్" చూసినవారికి తెలిసిన "రీరైట్" పాట అందులోదే. 2016లో ఆ నలుగురే అవే పాటలని మొదటినుంచీ మళ్ళీ రికార్డు చేసి విడుదల చేశారు. పాటలు అవే, మనుషులు వారే, నడుమ పన్నెండేళ్ళు. రెండోది నా చెవికి తేటగా, బరువుగా ఉంది. మొదటిదానిలో గిటార్లు గొంతుతో కలియబడుతుంటాయి. మీ హెడ్‌ఫోనులో ఈ రెంటికీ తేడా ఎలా వినబడుతుందో, వాటిలో ఏది నచ్చిందో వ్యాఖ్యల్లో రాయండి. నా ఓటు 2004 నాటిదానికే, ఆ కలియబాటుతో సహా.